బొమ్మ ఉంది, మాట లేదు

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు బొమ్మకు మాట వచ్చింది. 2006లో మా ఇంట్లో దానికి మళ్లీ మాట పడిపోయింది.

పాపం నాదే. అమ్మ రోజూ సాయంత్రం గుడికి వెళ్తుంది. ఏడింటి సీరియల్ పోతుంది. గుడా? సీరియలా? తల్లి ధర్మసంకటం తీర్చని కొడుకు కూడా కొడుకేనా? సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి, ఒక దుకాణంలో టీవీ ట్యూనర్ కార్డు కొన్నాను. అట్టపెట్టె మీద రంగురంగుల అక్షరాలు. చూడండి. ఆపండి. వెనక్కి తిప్పండి. రికార్డు చేయండి. వినండి అని మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి ఇంటికొచ్చాకే వెలిగింది. అబద్ధమాడని అట్టపెట్టెను నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

పాత కంప్యూటర్‌లో కార్డు గుచ్చాను. లినక్స్ ఎక్కించాను. దానిమీద మిథ్‌టీవీ. ఐజాక్ రిచర్డ్స్ అనే ఆయన 2002లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. టీవీ, వీడియో, పాటలు అన్నీ ఒకే పెట్టెలో ఇమడాలని ఆయన కల. మిథ్ అంటే కట్టుకథ. పేరులోనే చెప్పాడు మహానుభావుడు. మనమే వినిపించుకోలేదు. వినిపించుకోవడానికి శబ్దం ఉంటేగా?

వారమంతా రికార్డయింది. ఆదివారం అమ్మను కూర్చోబెట్టి ఘనంగా వేశాను. కోడలు ఏడుస్తోంది. అత్త కళ్లెర్రజేస్తోంది. కెమెరా ఒక్కొక్కరి మొహం మీదికి మూడేసిసార్లు దూసుకెళ్తోంది. చప్పుడు లేదు. ‘‘పోనీలేరా, ఎవరు మంచో ఎవరు చెడో బొట్టు చూస్తే తెలుస్తోందిగా’’ అంది అమ్మ. ఐదు ఎపిసోడ్లూ చూసేసింది. మాటలు లేనందువల్ల కథకు ఏ నష్టమూ జరగలేదని తేల్చింది. ఆ సమీక్షను ఆ సీరియల్ రచయితకు పంపి ఉండాల్సింది.

దుకాణానికి ఫోన్ చేశాను.

‘‘సార్, బొమ్మ వస్తోందా?’’

‘‘వస్తోంది.’’

‘‘మరింకేంటి సార్!’’

ఈ రెండు మాటల మీదే ఆ వ్యాపారమంతా నడుస్తోంది.

అసలు సంగతి ఇదీ. ఆ రోజుల్లో చౌక ట్యూనర్ కార్డులు చాలావరకు బొమ్మను మాత్రమే కంప్యూటర్‌కు నేరుగా అందించేవి. మాట కార్డు వెనకున్న ఇంకో రంధ్రంలోంచి బయటికొచ్చేది. అక్కణ్నుంచి జానెడు వైరు తీసి సౌండ్ కార్డు ‘లైన్ ఇన్’లో గుచ్చాలి. ఒకే డబ్బాలో పక్కపక్కన కూర్చున్న రెండు కార్డులు మాట్లాడుకోవాలంటే, మాట గుమ్మం దాటి వీధిలోకొచ్చి మళ్లీ లోపలికెళ్లాలి. సచివాలయంలో పక్క గదికి ఫైలు వెళ్లే దారి. సరే, ఆ జానెడు వైరు పెట్టెలో ఉందా? లేదు. అడిగితే ‘‘అది సెపరేటు సార్’’. పీటల మీద కూర్చోబెట్టి, తాళిబొట్టు సెపరేటు అన్నట్టు!

వైరు కొన్నాను. గుచ్చాను. అదే నిశ్శబ్దం.

లినక్స్‌లో శబ్దం శాఖ పేరు ఆల్సా. 1998లో పుట్టింది. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్‌తో గద్దెనెక్కింది. ఎక్కగానే చేసిన మొదటి పనేమిటి? అందరి గొంతూ నొక్కేయడం. డ్రైవర్ లోడైతే చాలు, చానళ్లన్నీ మ్యూట్. ఎందుకయ్యా? మీ మంచికే! ఒక్కసారిగా పెద్ద చప్పుడొస్తే స్పీకర్లు పోతాయి, చెవులు పోతాయి, అందుకని. ఎంత దయ! ప్రజల క్షేమం కోసమే ప్రజల నోరు మూయించడం... ఎక్కడో విన్న మాటలా లేదూ?

తెరవాలంటే మిక్సర్ అనే నల్లతెర ముందు మోకరిల్లాలి. నిలువు కడ్డీలు. ఒక్కో కడ్డీ కింద ఒక్కో చిన్న పెట్టె. అందులో రెండు ‘ఎం’లుంటే మూసి ఉన్నట్టు. రెండు సున్నాలుంటే తెరిచి ఉన్నట్టు. అవును, సరిగ్గానే చదివారు. సున్నా అంటే ఉన్నట్టు! పథకాల ఖర్చు లెక్కలు రాసే బాబులెవరో రాత్రిపూట ఇక్కడ కూడా పనిచేసినట్టున్నారు. ఇక ఆ కడ్డీల పేర్లు... మాస్టర్, పీసీఎం, లైన్, సీడీ, ఆక్స్, ఐఈసీ958. ఒకటి ‘ఎక్స్‌టర్నల్ యాంప్లిఫయర్’. కొన్ని బోర్డుల్లో దాన్ని ఆపితేనే శబ్దం వస్తుంది. ఇంకోటి ‘హెడ్‌ఫోన్ జాక్ సెన్స్’. పేరులో సెన్స్ ఉంది, అంతవరకే. ఈ పేర్లు ఎవరి కోసం పెట్టారు? నా కోసమా? మా అమ్మ కోసమా? చిప్పు తయారుచేసినవాడు తన నోట్సులో రాసుకున్న పేర్లను తీసుకొచ్చి మా నడింట్లో వేలాడదీశారు. నలభై మీటలున్న పెట్టె ఇచ్చి ఏ మీట ఏమిటో చెప్పకపోతే దాన్ని స్వేచ్ఛ అంటారా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు అనే అంటారు.

పైగా వినడానికి తెరిస్తే సరిపోదు. రికార్డుకు వేరే తెరవాలి. ఎఫ్4 నొక్కితే ఇంకో నల్లతెర. అక్కడ ‘లైన్’ దగ్గరికెళ్లి స్పేస్ మీట కొడితే ఎర్రగా ‘క్యాప్చర్’ అని వెలగాలి. నేను స్పీకర్లో సీరియల్ వింటూ, ఆహా వచ్చేసిందనుకుంటూ, లోపల మళ్లీ మూకీనే రికార్డు చేశాను. ఇంకో వారం. ఇంకో ఐదు ఎపిసోడ్లు. ఈసారి అమ్మ మాటలు కూడా తనే చెప్పుకుంది. అసలు రచయిత కంటే బాగానే ఉన్నాయి.

తర్వాత మాట వచ్చింది. ఏమని? బుస్స్‌స్ అని! మన అనలాగ్ టీవీది పాల్-బి పద్ధతి. బొమ్మ తరంగానికి 5.5 మెగాహెర్ట్జ్ ఎగువన మాట ఉంటుంది. బ్రిటన్‌ది పాల్-ఐ. అక్కడ మాట 6 మెగాహెర్ట్జ్ ఎగువన. ఒకదాని బదులు ఇంకోటి పెట్టినా బొమ్మ నిగనిగలాడుతూ వస్తుంది. మాట మాత్రం బుస కొడుతుంది. నా కార్డు బ్రిటన్ లెక్కలో కూర్చుంది. దొరలు 1947లోనే ఓడెక్కారని చదువుకున్నాం. మా డ్రైవర్‌లోంచి దిగడానికి ఇంకో రెండు రాత్రులు తీసుకున్నారు.

రెండు గడియారాల గొడవ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందులో నాకొక్కడికే నవ్వొస్తుంది. బొమ్మను లెక్కపెట్టే స్ఫటికం ట్యూనర్ కార్డులో ఉంది. మాటను లెక్కపెట్టే స్ఫటికం సౌండ్ కార్డులో ఉంది. ఎవరి టైము వాళ్లది. లక్షకు పది చొప్పున తేడా ఉన్నా గంటకు సెకనులో మూడో వంతు దాటుతుంది. మూడు గంటల సినిమా చివరికి హీరో నోరు మూశాక పంచ్ డైలాగ్ పడుతుంది. అమ్మ డబ్బింగ్ బొమ్మ అనుకుని పట్టించుకోలేదు.

ఓ రోజు కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. అంతా పోయింది. ఏం ముట్టుకున్నాను? ఏమీ ముట్టుకోలేదు. ట్యూనర్ కార్డు కూడా తాను సౌండ్ కార్డునేనని ఆల్సా దగ్గర పేరు రాయించుకుంటుంది. వినడం తెలుసు దానికి. పలకడం రాదు. ఆ రోజు పొద్దున అసలు సౌండ్ కార్డు కంటే క్షణం ముందు లేచి సున్నా నంబరు కుర్చీలో కూర్చుంది. సీరియల్ శబ్దమంతా నోరులేని ఆ కార్డుకు బట్వాడా అవుతోంది. పలకడం రానివాడు ముందు వరుస కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో మనకు ఎవరైనా కొత్తగా చెప్పాలా?

సలహాలకు మాత్రం కరువు లేదు. ‘ముందు కెర్నెల్ మళ్లీ కంపైల్ చెయ్యి.’ ‘ఆ కార్డు ఎందుకు కొన్నావు, నన్ను అడగొద్దా?’ అన్నిటికంటే గొప్ప సలహా: ‘నా దగ్గర పనిచేస్తోందే!’ సంతోషం నాయనా. మీ ఇంటికొచ్చి చూడమంటావా?

పోనీ ప్రభుత్వం మారితే బాగుపడుతుందనుకున్నాం. మారింది. అంతకుముందున్న ఓఎస్‌ఎస్ పాలన మీద విసుగెత్తి ఆల్సాను తెచ్చారు. ఆల్సా మీద విసుగెత్తి పల్స్‌ఆడియోను తెచ్చారు. 2008 ఏప్రిల్‌లో ఉబుంటు లినక్స్ 8.04 దాన్ని నెత్తిన పెట్టుకుంది. అదే నెలలో వేల ఇళ్లలో గంతులేసే శబ్దం, తెగిపోయే శబ్దం, అసలే లేని శబ్దం. ‘తప్పు మాది కాదు, కింద ఆల్సా డ్రైవర్లలో ఉన్న పాత లోపాలు మా వల్ల బయటపడ్డాయి’ అన్నారు. గత పాలకుల పాపం! ఇక్కడ కూడా! ఇప్పుడు పైప్‌వైర్. 2021లో ఫెడోరా లినక్స్ 34తో అదీ గద్దెనెక్కింది. నిజం చెప్పాలి, ఇది బాగానే నడుస్తోంది. కానీ లోపల ఏముందో తెలుసా? పాత ప్రోగ్రాముల ముందు పల్స్‌ఆడియోలా వేషం వేస్తుంది. కింద హార్డ్‌వేర్‌తో మాట్లాడేది మాత్రం అదే ఆల్సా. కండువా మారింది. లోపల పెద్దమనిషి ఆయనే.

మరి డబ్బులిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ సుఖమా? మైక్రోసాఫ్ట్ 2002లో మీడియా సెంటర్ తెచ్చింది. ఇక గదిలో కంప్యూటరే టీవీ అంది. జనం కార్డులు కొన్నారు, రిమోట్లు కొన్నారు, ఏళ్ల తరబడి రికార్డింగులు పోగేశారు. 2015లో విండోస్ 10 వచ్చింది. మీడియా సెంటర్ లేదు. అయిపోయింది. ఉచితంగా ఇచ్చినవాడు మ్యూట్ పెట్టాడు, డబ్బులు తీసుకున్నవాడు దుకాణమే కట్టేశాడు.

ఇప్పటిదాకా చెప్పిందంతా అజాగ్రత్త. తిట్టి వదిలేయొచ్చు. ఇక్కణ్నుంచి చెప్పేది దురుద్దేశం.

2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించారు. దేశమంతా డిజిటల్ అన్నారు. రెండో విడతలో 38 నగరాలు, గడువు 2013 మార్చి 31. హైదరాబాద్, విశాఖ ఆ జాబితాలో ఉన్నాయి. మెరిసే బొమ్మ, థియేటర్ శబ్దం, నచ్చిన చానల్‌కే డబ్బు. అబ్బో! సెట్‌టాప్ డబ్బా వచ్చింది. దానికి హెచ్‌డీఎంఐ తీగ. ఒకే తీగలో బొమ్మా, మాటా. జానెడు వైరు పీడ విరగడైందని కొబ్బరికాయ కొట్టబోయాను. తీగను రికార్డింగు కార్డుకు తగిలించాను. ఈసారి మాటే కాదు, బొమ్మ కూడా లేదు. నల్లతెర.

దాన్ని హెచ్‌డీసీపీ అంటారు. ఇంటెల్ తయారుచేసిన తాళం. అటువైపున్నది టీవీయేనని నమ్మకం కలిగితేనే డబ్బా నోరు విప్పుతుంది. రికార్డరని అనుమానమొస్తే మౌనవ్రతం. డబ్బా డబ్బు నేనే కట్టాను. నెల చందా నేనే కడుతున్నాను. టీవీ నాది, కరెంటు నాది, తల్లి నాది. తాళం మాత్రం వాళ్లది. ఎవరిని ఆపడానికి ఈ తాళం? దొంగలనా? ఆ తాళానికి తల్లిలాంటి తాళంచెవి 2010 సెప్టెంబరులోనే బయటపడింది. నిజమేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. కొత్త సినిమా దొంగ ప్రింటు విడుదలైన రోజే ఫోన్లలో తిరుగుతోంది, శబ్దంతో సహా! తాళం ఆపుతున్నది ఎవరిని? గుడి నుంచి వచ్చాక సీరియల్ చూద్దామనుకున్న మా అమ్మను.

చట్టం ఒప్పుకోదేమో అంటారా? చూద్దాం. సొంత వాడకానికి న్యాయంగా వినియోగించుకుంటే ఉల్లంఘన కాదని మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అంటోంది. 2012లో 65ఏ చేర్చారు. హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. ఉద్దేశంతో! ఆ ఒక్క మాటను గమనించండి. చట్టం మనిషి ఉద్దేశం చూస్తానంటోంది. డబ్బా ఎవరి ఉద్దేశమూ చూడదు. దానికి తల్లీ ఒకటే, దొంగా ఒకటే. ఇంట్లో కూర్చుని తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని బీటామ్యాక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. 5-4 తేడాతో. కోర్టులో ఓడినవాళ్లు ఏం చేస్తారు? తీర్పును గౌరవిస్తున్నామని చెప్పి తాళాల కంపెనీకి ఫోన్ చేస్తారు.

డబ్బా కంపెనీ వాళ్లు ఊరుకోలేదులెండి. ‘‘సార్, మా దగ్గరే రికార్డింగ్ డబ్బా ఉంది, తీసుకోండి’’ అన్నారు. తీసుకున్నాను. బాగా రికార్డు చేసింది. ఒక నెల చందా కట్టడం మరిచాను. ఏడాదిగా దాచుకున్నవన్నీ తాళం! నా ఇంట్లో, నా డిస్కులో, నేను ముందే డబ్బు కట్టి చూసిన ఎపిసోడ్లు. కిరాయి కట్టలేదని ఇంటాయన తాళం వేస్తే అర్థముంది. ఇల్లు నాది కదయ్యా!

ఏం చేశాను? డబ్బా వెనక చూశాను. మూలన దుమ్ము పట్టి మూడు రంధ్రాలు. పసుపు, తెలుపు, ఎరుపు. పాత టీవీల కోసం వదిలేసిన అనలాగ్ దారి. అక్కడ తాళం లేదు. పసుపు తీగను 2006 నాటి ట్యూనర్ కార్డులో గుచ్చాను. తెలుపు, ఎరుపు తీగలను సౌండ్ కార్డు ‘లైన్ ఇన్’లో. మళ్లీ అదే రంధ్రం! మళ్లీ అదే నల్లతెర, ఎఫ్4, స్పేస్! ఉపగ్రహం నుంచి డిజిటల్‌గా దిగొచ్చిన థియేటర్ శబ్దం, మా ఇంట్లో ఇరవై రూపాయల వైరులోంచి పాక్కుంటూ వచ్చింది. డిజిటల్ ఇండియాకు స్వాగతం.

అదీ పూర్తిగా రాలేదు. తెలుగు వ్యాఖ్యానం ఉంది కదా అని క్రికెట్ మ్యాచ్ పెట్టి ఊరెళ్లాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. డబ్బా మళ్లీ లేచింది. లేచి తన మాతృభాషలోకి వెళ్లిపోయింది. మూడున్నర గంటల హిందీ! ప్రాంతీయ భాషకు పెద్దపీట అని రోజంతా ఊదరగొట్టే కంపెనీకి, ఇంటివాడు ఎంచుకున్న భాషను ఒక్క కరెంటు కోత దాకా గుర్తుంచుకోవడం చేతకాదా? ఎన్ని రూపాయలు కట్టాలో మాత్రం ఎన్ని కోతలొచ్చినా మరిచిపోదు.

ఈ గోడు డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి చెప్పుకున్నాను. వాడు ఏళ్లుగా కప్పు మీద యాంటెన్నా పెట్టి గాల్లో వచ్చే చానళ్లు రికార్డు చేస్తున్నాడు. తాళాల్లేవు. శబ్దం డాల్బీ ఏసీ-3. ‘‘మా దగ్గర ఇవన్నీ ఉండవన్నా, ఇక్కడ సిస్టమ్ వేరు’’ అనేవాడు. ఆ ‘వేరు’ అనే మాటను ఎంత సాగదీసేవాడో! 2017లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కొత్త ప్రసార పద్ధతికి పచ్చజెండా ఊపింది. పేరు ఏటీఎస్‌సీ 3.0. ఇంకా గొప్ప బొమ్మ, ఇంకా స్పష్టమైన మాట. అందులో శబ్దం ఏసీ-4. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్లేయర్లలో చాలావాటికి ఆ భాష రాదు. పైగా చాలా స్టేషన్లు గాల్లో వచ్చే ఉచిత ప్రసారానికి కూడా తాళాలు బిగిస్తున్నాయి. మొన్న వాడే ఫోన్ చేశాడు.

‘‘అన్నా, బొమ్మ వస్తోంది. సౌండ్ రావట్లేదు.’’

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ‘‘బొమ్మ వస్తోందిగా, మరింకేంటి తమ్ముడూ’’ అన్నాను.

మరి ఈ దేశంలో తాళం లేకుండా, శబ్దంతో సహా, సొంత కంప్యూటర్లో పట్టుకోదగ్గ చానళ్లు ఏవీ లేవా? ఉన్నాయి. డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో వేరే పేరుతో మొదలైంది. నెల చందా లేదు. వందల రూపాయలు గుంజే చోట సంకెళ్లు, పైసా అడగని చోట స్వేచ్ఛ. ఒక శాటిలైట్ కార్డు కొన్నాను. ఇక్కడ మాట బొమ్మతో పాటే ఒకే ప్రవాహంలో వస్తుంది. రెండు స్ఫటికాల గొడవ లేదు, జానెడు వైరు లేదు. రికార్డు చక్కగా అయింది. మిగిలింది కొత్త టీవీలో వినిపించడమే.

దానికి ఇంకో మూడు రాత్రులు. హెచ్‌డీఎంఐ తీగలోకి శబ్దం పంపాలంటే ఏ నంబరు తలుపు తట్టాలో చెప్పాలి. ఒకటా, రెండా? కాదు. మూడు, ఏడు, ఎనిమిది. మధ్యలో నంబర్లు ఏమైనట్టు? అడగకూడదు. టీవీ కట్టేసి మళ్లీ వేస్తే, నేను వచ్చానని అది కంప్యూటర్‌కు చెప్పదు. కంప్యూటర్ అటువైపు ఎవరూ లేరనుకుంటుంది. మదర్‌బోర్డు అట్టపెట్టె మీద మాత్రం ‘7.1 సరౌండ్’ అని బంగారు అక్షరాలు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఒక్క స్పీకరు పలకడానికి దిక్కులేదు, ఎనిమిదింటికి ముహూర్తం పెట్టారు.

మొన్న శుక్రవారం రాత్రి పదకొండింటికి ఏడో తలుపు తెరుచుకుంది. ‘‘అమ్మా, రా!’’ అని కేకేశాను. ఆవిడకిప్పుడు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. మీట నొక్కాను.

ఇల్లు అదిరింది. మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన. సీరియల్ ఇంకా రాలేదు. ప్రకటన బొమ్మ గానీ, మాట గానీ మితిమీరి ‘లౌడ్’గా ఉండకూడదని మన 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో రాసి ఉంది. ‘లౌడ్’ చుట్టూ కోట్స్ కూడా పెట్టారు. ఎంతయితే మితిమీరినట్టో రాయలేదు. అమెరికా వాళ్లు 2010లో చట్టం చేసుకుని, 2012 డిసెంబరు నుంచి అమలు చేసి, కొలిచే పద్ధతి కూడా చెప్పారు. మనం కోట్స్‌తో సరిపెట్టుకున్నాం. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలుండరాదని కూడా అదే పుస్తకంలో ఉంది. గడియారం చూశాను. చూసి ఏం లాభం?

అమ్మ రెండు చెవులూ మూసుకుంది. ‘‘ఒరేయ్, ముందు దాని నోరు నొక్కరా!’’

రిమోట్‌లో మ్యూట్ మీట నొక్కాను. అది మాత్రం మొదటి రోజు నుంచీ పనిచేస్తోంది.